గోడకు మూడు దెబ్బలు

నస్పూర్ కాలనీలో ముత్యం పేరు తెలియనివాళ్ళు లేరు. బొగ్గుబాయిలో మందు పెట్టి బొగ్గును పేల్చే షాట్‌ఫైరర్ అతను. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో అతని చేతి మీదుగా ఒక్క మనిషికి గోరంత గాయం కాలేదు. పేల్చే ముందు మూడుసార్లు కేకేస్తాడు. అవతలి నుంచి "అందరం జరిగినం" అని జవాబు రావాలి. రాకపోతే మేనేజరే వచ్చి నెత్తిన కూర్చున్నా సరే, మీట నొక్కడు. అంత జాగ్రత్త మనిషి. ఆ జాగ్రత్తంతా బాయి గేటు దగ్గరే వదిలేసి వచ్చిన రోజు ఒకటుంది. దాని సంగతే ఇది.

పక్క క్వార్టర్ పోశంది. రెండిళ్ళకూ మధ్య ఒకటే గోడ. ఎప్పుడో పడుచు వయసులో బాయిలో పైకప్పు కూలి పోశం ఏడు గంటలు బండల కింద ఉండిపోయాడు. చేతులు రక్తాలు కారుతున్నా ఆగకుండా బండలు తీసి అతన్ని బయటికి లాగింది ముత్యమే. నలిగిన కాలు బాగయింది గానీ, చెప్పాపెట్టకుండా పెద్ద చప్పుడైతే మాత్రం పోశం ఒళ్ళు అతని మాట వినదు. ఇంక బాయి పని చేయలేడని డాక్టర్లు రాసిచ్చారు. ఆ ఉద్యోగం తర్వాత కొడుకు రంజిత్‌కు వచ్చింది, క్వార్టర్ కూడా అట్లాగే నిలిచింది.

ముందే తెలిస్తే మాత్రం పోశానికి ఏమీ కాదు. అదే చిత్రం. చెవుల్లో దూది పెట్టుకుని, మంచం మీద కూర్చుని, నవ్వుకుంటూ వింటాడు.

"నేను పండుగ చేసుకోవద్దంటలేనే ముత్యమన్నా. జర చెప్పి పేల్చు, గంతే" అన్నాడు ఒకసారి.

అప్పటి నుంచి ప్రతి దీపావళికీ అదే పద్ధతి. పటాకులు అంటించే ముందు ముత్యం గోడకు మూడు దెబ్బలు కొడతాడు. అవతలి నుంచి పోశం ఒక్క దెబ్బతో జవాబిస్తాడు. ఆ ఒక్క దెబ్బ వినిపించాకే అగ్గిపుల్ల గీస్తాడు. ఆ లైనులో పిల్లలు కూడా ఆ దెబ్బ కోసం చెవులు రిక్కించి నిలబడేవాళ్ళు.

పోయినేడు ముత్యం ఇంట్లో సంబరం ఎక్కువైంది. బిడ్డ భూమిక పెళ్ళయ్యాక వచ్చిన తొలి దీపావళి. హుస్నాబాద్ నుంచి కొత్త అల్లుడు విజయేందర్ వచ్చాడు. మామ ఊరుకుంటాడా! ఐదువేల పటాకుల లడి తెచ్చి, వాకిలి నుంచి రోడ్డు దాకా పరిచాడు. అల్లుడు కుర్చీలో కూర్చుని ఫోన్‌లో వీడియో తీయడానికి తయారయ్యాడు.

"గోడ కొట్టినవా?" అని ఇంట్లోంచి భార్య లస్మవ్వ కేకేసింది.

"గోడ కొట్టుడేంది మామా?" అన్నాడు అల్లుడు, నవ్వుతూ.

అబ్బ, ఆ నవ్వు! అల్లుడిలో ఏ ఎగతాళీ లేదు, పాపం, తెలియక అడిగాడు. కానీ ముత్యానికి మొహం చిన్నదైంది. బాయిలో బండలు పేల్చే మనిషి, ఇంటి ముందు లడి అంటించడానికి పక్కింటి సెలవు తీసుకుంటాడని కొత్త అల్లుడితో ఎట్లా చెప్పాలి?

"కొట్టిన, కొట్టిన" అని లోపలికి అరిచి, అగ్గిపుల్ల గీశాడు.

లడి నాలుగు నిమిషాలు పేలింది. అదే సమయానికి అవతల పోశం స్టూలెక్కి కిటికీ మీద ప్రమిద పెడుతున్నాడు. మొదటి చప్పుడుకే కింద పడ్డాడు. భార్య రాజక్క గొంతు చించుకుని అరిచిందట. ఎవరికి వినపడుతుంది? ఇవతల అందరూ చప్పట్లు కొడుతున్నారు. లడి ఆగిపోయి పొగ తేలిపోయాకే ఆ ఏడుపు వినిపించింది.

తుంటి ఎముక విరిగింది. ఆటోలో పడుకోబెడుతుంటే కాలనీ అంతా మూగింది. ఎదురింటి బుచ్చిరాములు ఊరుకోలేదు.

"ఏమయ్యా ముత్యం, గోడ కొట్టలేదా?"

ముత్యం నోరు తెరిచాడు. పక్కనే అల్లుడు నిలబడి ఉన్నాడు.

ఆటోలోంచి పోశమే పలికాడు. "కొట్టిండు. నేనే ఇనకుండ స్టూలెక్కిన. నాదే తప్పు."

రాజక్క ఒకసారి ముత్యం మొహంలోకి చూసి ఆటో ఎక్కింది. ముత్యం తెరిచిన నోరు మూసుకున్నాడు.

ఆ నోరు ఏడాది దాకా తెరుచుకోలేదు. దవాఖానకు పోయాడు, యాపిల్ పండ్లు తీసుకుపోయాడు, వానల గురించి, బోనస్ గురించి మాట్లాడి వచ్చాడు. క్వార్టర్‌లో నేల మీద కూర్చునే మరుగుదొడ్డి పోశానికి కుదరదని అతని బిడ్డ రమ మంచిర్యాలలో తన ఇంటికి తీసుకుపోయింది. రాజక్క కూడా పోయింది. రంజిత్ ఎదురైతే తల ఊపి పోతాడు, అంతే. బాయిలో మాత్రం ముత్యం మారిపోయాడు. అవతలి నుంచి జవాబు వచ్చాక కూడా మీట మీద చెయ్యి పెట్టి అట్లాగే నిలబడిపోతాడు. "ఇన్నవా లేదా అన్నా?" అని అవతలివాళ్ళు మళ్ళీ అరవాల్సి వస్తుంది.

ఈ దీపావళికి అతను ఒక్క పటాకు కొనలేదు. మధ్యాహ్నం అన్నం కూడా తినకుండా మంచిర్యాల ఆటో ఎక్కాడు. రమ ఇంట్లో పోశం వాకర్ పక్కన పెట్టుకుని మంచం మీద కూర్చుని ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు.

"పోశం, ఆనాడు నేను గోడ కొట్టలే."

"ఎరుకే."

"మరి అందరి ముంగట కొట్టిండని ఎందుకన్నవ్?"

"పక్కకు కొత్త అల్లుడుండె గద. నీ ఇజ్జత్ పోతదని. బండల కిందికెల్లి తీసినోనివి, నీకోసం గా మాట అననా?"

ముత్యం కళ్ళు తుడుచుకున్నాడు. బరువు దిగిందనుకున్నాడు. దిగలేదు.

"అన్నా, ఒక్కటి చెప్త, బాధపడకు" అన్నాడు పోశం నెమ్మదిగా. "ఆటోల పండుకుని నేను గా మాట అన్నది నీకు గోడ కొట్టినట్టే. తెల్లారి జవాబిస్తవనుకున్న. దవాఖాన్ల ఇస్తవనుకున్న. యాపిల్ పండ్లు తెచ్చినవ్. తుంటి నొప్పి ఓర్చుకున్న గనీ, నీ జవాబుకు ఏడాది సూసుడు మస్తు కష్టమైందే."

ముత్యం తల దించుకుని ఏడ్చాడు. పోశం ఓదార్చలేదు, తిట్టలేదు. కాసేపటికి రాజక్క చాయ తెచ్చి పెట్టి వెళ్ళింది. పొద్దు వాలుతుంటే పోశం దూది తీసి చెవుల్లో పెట్టుకోసాగాడు.

"ఇంక పో అన్నా. గీ గల్లీల ఎవ్వరు చెప్పి పేల్చరు. రమ తలుపులేస్తది."

బయటికి వస్తే, పక్కింటి ముందు ఒక యువకుడు లడి పరుస్తున్నాడు. ముత్యం గబగబా పోయి అతని చెయ్యి పట్టుకున్నాడు.

"ఒక్క నిమిషం ఆగు బిడ్డా. గా ఇంట్ల పోశమని ఉన్నడు. చప్పుడైతే తట్టుకోడు."

"మీరెవరు?"

"వాళ్ళ పక్కింటోన్ని."

ఆ యువకుడు అతన్ని వింతగా చూశాడు. "వాళ్ళ పక్కిల్లు మాది గదా అంకుల్."

ముత్యం పట్టుకున్న చెయ్యి వదలలేదు.

"అవు బిడ్డా, మీదే. పండుగ చేసుకోవద్దంటలేను. జర చెప్పి పేల్చు, గంతే" అన్నాడు.