గాలి లేని పూట

బఠానీ మొలకలు వేలెడు లేచాయంటే చాలు, వాటిమీద వాలే పావురాల్ని కొట్టడానికి డాక్ గారి పొలంలోకి తెల్లారకముందే ఇద్దరు దిగేవాళ్ళు. ఒకడు హార్వీ, ఇంకొకడు క్లెమ్. ఇద్దరి భుజాన తుపాకీ, ఇద్దరి వీపున గోనెసంచీ. సంచీలో చెక్కతో చేసిన దీమపు పావురాలు, ఒక చెక్క కాకి. ఆకాశంలో పోయే పావురాలకి కింద తమవాళ్ళు నిశ్చింతగా మేస్తున్నట్టు కనబడాలి కదా, లేకపోతే అవెందుకు దిగుతాయి?

ఆ పేర్పు చిన్న పని కాదు. గుర్రపు నాడాలా వంపుగా పెట్టి, మధ్యలో ఖాళీ వదలాలి. ఒక్కో పిట్ట పొట్టకింద ఒకటే పుల్ల గుచ్చాలి, గాలికి అటూ ఇటూ తిరగడానికి. కాకిని మాత్రం కొంచెం ఎడంగా కంచె గుంజ మీద నిలబెట్టాలి. అనుమానపు పక్షి అది, అదే నమ్మి కూర్చుందంటే పావురాలకి ఇంకేం భయం. ఇంతా చేసి వేటగాడు గాలిని వీపుకి పెట్టుకుని పొద మాటున కూర్చుంటాడు. ఆ చెక్క పిట్టలన్నీ గాలికి ఎదురు తిరుగుతాయి, అంటే వేటగాడి ముఖంలోకే చూస్తుంటాయి.

ఆ చెక్క పావురాల్నీ, కాకినీ చేసింది హెస్టర్. ఆమె చేసిన పిట్టలు ఆమె మనసు ఎవరిమీద ఉంటే వాళ్ళవైపు చూస్తాయి. ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే. వాళ్ళ నాన్న చేసిన చెక్క బాతులూ అంతే, ఆయన బతికున్నన్నాళ్ళూ వంటింట్లో భార్య ఎటు నడిస్తే అటు తిరిగేవి. ఆయన పోయిన పొద్దున అన్నీ గోడవైపు తిరిగిపోయాయి. ఆవిడ వాటిని అలాగే ఉంచి, వీపుల మీద దుమ్ము దులుపుకుంటూ ఉంటుంది.

హార్వీ, క్లెమ్ ఇద్దరూ తనని పెళ్ళి చేసుకోమని హెస్టర్‌ని అడిగారు. ఆమె ఉలి పక్కన పెట్టి నవ్వింది.

"నన్నెందుకు అడగడం? మీ సంచుల్లో ఉన్నవాటిని అడగండి."

చిక్కంతా అక్కడే వచ్చింది. చెట్టూ గుట్టా లేని ఆ పల్లపు నేలమీద గాలి ఆగడం అనేదే లేదు. గాలి వీపున పెట్టుకు కూర్చుంటే ఎవడి పిట్టలు వాడినే చూస్తాయి. పొద్దుగూకాక పబ్బులో ఇద్దరిదీ ఒకటే మాట.

"నావి నా కళ్ళలోకే చూశాయిరా ఇవాళ," అనేవాడు క్లెమ్, బీరు నురగ మూతికి అంటించుకుని.

"గాలి చూపించింది నాయనా, హెస్టర్ కాదు."

"మరి నిన్ను చూసినవో?"

పబ్బు నడిపే డోర్కస్ గ్లాసులు తుడుస్తూ అందుకునేది. "పడమటి గాలొస్తే ఒకడికి, తూరుపు గాలొస్తే ఒకడికి. ఇద్దర్నీ చేసుకోమనండర్రా ఆ పిల్లని, గొడవ వదిలిపోతుంది!"

అందరూ నవ్వేవాళ్ళు, క్లెమ్ కూడా. హార్వీకి మాత్రం ఆ నవ్వు ముల్లులా గుచ్చుకునేది. క్లెమ్ అంత తేలిగ్గా ఎలా నవ్వగలుగుతున్నాడు? ఏదో తెలిసుండాలి వాడికి.

ఒకసారి క్లెమ్ చొక్కా చేతి అంచున బూడిదనీలం రంగు మరక కనిపించింది. పావురం వీపుకి హెస్టర్ వేసే రంగది. ఆ రాత్రి హార్వీకి కూడు సయించలేదు. తల్లి పిండిలో పొదిగి కాల్చిన పావురం మాంసం చల్లారిపోయింది. వాడు హెస్టర్ పనిచేసుకునే కొట్టంలోకి ఎందుకెళ్ళాడు? తడి రంగు అంటాలంటే ఎంత దగ్గరగా నిలబడాలి? ఇంకో రోజు క్లెమ్ లేని సమయం చూసి వాడి పావురం ఒకటి చేతిలోకి తీసుకుని మెడమీది తెల్ల మచ్చ పరీక్షగా చూశాడు. తనవాటికంటే సన్నని కుంచెతో దిద్దినట్టుంది. సన్నని కుంచె అంటే ఎక్కువసేపు. ఎక్కువసేపు అంటే ఎక్కువ ప్రేమ. అసూయ ఉన్నవాడికి లెక్కలు భలే వస్తాయి.

మే నెల మొదట్లో ఒకనాటి సాయంత్రం పొగగొట్టాల పొగ నిటారుగా లేచింది. డాక్ గారు గేటు మీద మోచేతులాన్చి ఆకాశం చూశారు.

"అబ్బాయిలూ, రేపు ఆకు కదలదు. ఎదురెదురు కంచెల దగ్గర కూర్చోండి ఇద్దరూ. ఈ పంచాయితీ తేలిపోతే నా బఠానీలన్నా దక్కుతాయి."

క్లెమ్ ఈల వేసుకుంటూ వెళ్ళిపోయాడు. హార్వీ ఈల వినబడనంత దూరం వచ్చాక కంచె పొదల దగ్గర ఆగి, కత్తి తీసి కొత్త పుల్లలు కోశాడు. ఒక్కో పిట్టకి ఇంకొకటి.

తెల్లవారేసరికి పొలమంతా పాలలాంటి మంచు. ఆ మంచులోనే హార్వీ తన పావురాలన్నీ పేర్చాడు, ఒక్కోదానికీ రెండేసి పుల్లలు, ముందొకటి వెనకొకటి. ముక్కులన్నీ తన మాటువైపు. ఇంక వాటి తరమా కదలడానికి! తొందరలో కాకికి రెండో పుల్ల వెయ్యడం మరిచిపోయాడు. దాన్ని ఎప్పటిలాగే ఒంటిపుల్ల మీద, పొలంవైపు ముఖం పెట్టి, గుంజమీద నిలబెట్టి పొదలోకి దూరాడు.

మంచు విడింది. డాక్ గారు, డోర్కస్ గేటు దగ్గరికి వచ్చారు. ఎవరూ తుపాకీ ఎత్తలేదు. నిజం పావురం ఒకటి దిగి, చెక్క పావురాల మధ్య తీరిగ్గా మేసి ఎగిరిపోయింది.

అప్పుడు అవతలి కంచె దగ్గర క్లెమ్ పావురం ఒకటి తిరిగింది. ఎవరో వెనకనుంచి పిలిస్తే తిరిగినట్టు, మెల్లగా. తర్వాత దాని పక్కది. ఆ తర్వాత అన్నీ. క్లెమ్‌కి వీపులు చూపించి, పచ్చని పొలం మీదుగా నేరుగా హార్వీ పొదవైపు చూస్తూ నిలబడ్డాయి.

క్లెమ్ మాటులోంచి లేచి టోపీ తీశాడు. పొలం దాటి వచ్చి చెయ్యి చాచాడు.

"నీదేరా," అన్నాడు. "నా మనసుకి తెలుస్తూనే ఉంది. ఒకరోజు హెస్టర్ కొట్టానికి రంగు డబ్బాలు మోయడానికి పోతే, అంతసేపూ నీ గురించే అడిగింది."

హార్వీ ఆ చేతిని పట్టుకున్నాడు గానీ కళ్ళు తన పావురాల మీదే ఉన్నాయి. ఆ పుల్లలు! వెంటనే పీకెయ్యాలి, ఎవరూ చూడకుండా. కానీ గేటు తెరుచుకుంది. హెస్టర్ టీ క్యాను పట్టుకుని, గట్టువెంట మొలకలు తొక్కకుండా నడిచి వస్తోంది. ఆమె ముఖంలో ఉన్న వెలుగు హార్వీ అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

"ఇటు రాకు హెస్టర్, నేలంతా బురద," అన్నాడు.

"బురద నాకు కొత్తా?"

వంగి, ముద్దుచేస్తున్నట్టు ఒక పావురాన్ని పైకెత్తబోయింది. అది రాలేదు. ఇంకాస్త గట్టిగా లాగింది. మట్టితో సహా రెండు పుల్లలు ఊడివచ్చాయి. వాటిని చూసింది. పక్కదాని పొట్టకింద చెయ్యి పెట్టి చూసింది. ఆ పక్కదాన్నీ.

"ఎందుకు హార్వీ?"

"భయమేసింది."

"నేనంటేనా?"

హెస్టర్ గుంజవైపు చూపించింది.

"కాకికి వెయ్యడం మర్చిపోయావు. చూడు అదెటు చూస్తోందో."

కాకి పొలాన్ని వదిలేసి, పుల్ల మీద పూర్తిగా వెనక్కి తిరిగి, రెప్పలేని నల్లటి కళ్ళతో హార్వీనే చూస్తోంది. అనుమానపు పక్షి. అదే నమ్మింది.

హెస్టర్ మోకాళ్ళ మీద కూర్చుని, రెండో పుల్లలన్నీ తనే పీకి, ఆప్రాన్ జేబులో వేసుకుంది. "పిట్టలు నీ దగ్గరే ఉంచుకో," అంది నెమ్మదిగా, "ఈ పుల్లలు మాత్రం నా దగ్గర ఉంటాయి." టీ క్యాను అక్కడే వదిలి గేటువైపు వెళ్ళింది.

పావురాలు కాసేపు హార్వీని చూస్తూనే నిలబడ్డాయి. ముందు కాకి తిరిగింది. దాని వెనక ఒక్కొక్కటే పావురం, ఆ తర్వాత అవతల క్లెమ్‌వి కూడా. అన్నీ కలిసి, నడిచిపోతున్న హెస్టర్ వీపునే చూశాయి, ఆమె మలుపు తిరిగేదాకా. తిరిగాక కూడా.

ఆ శీతాకాలం ఆమె ఉలులు మూటగట్టుకుని సముద్రపు ఒడ్డు ఊరికి వెళ్ళి, సొంతంగా కొట్టం పెట్టుకుంది. అక్కడ ఆమె చేసిన పిట్టలన్నీ ఆమెనే చూస్తుంటాయని, ఆమె వాటి మధ్య పాడుకుంటూ పని చేసుకుంటుందని డోర్కస్ చూసొచ్చి చెప్పింది. క్లెమ్ మరుసటేడు వేరే ఊరి పిల్లని చేసుకున్నాడు.

హార్వీ ఇప్పటికీ డాక్ గారి పొలానికి వస్తాడు. కానీ పొగ నిటారుగా లేచిన పూట ఎంత పిలిచినా ఇల్లు కదలడు. గాలి ఉన్న రోజే వస్తాడు. దాన్ని జాగ్రత్తగా వీపుకి పెట్టుకుని పొదలో కూర్చుంటాడు. అప్పుడు ఆ చెక్క పావురాలన్నీ వాడినే చూస్తాయి.