కోడిపిల్లలొచ్చే వేళకి మొరాయించిన హీటరు

అల్లుడు హీటరు ముందు గొంతుక్కూర్చుని ఇంకో అగ్గిపుల్ల గీశాడు. వత్తి చుట్టూ మంట చక్కగా పాకింది. "వచ్చావా దారికి" అన్నాడు దానితో. అన్నాడో లేదో మంట చిటపటలాడి, మసి కక్కి, ఆరిపోయింది.

ఆ వీధిలో అతణ్ని అందరూ అల్లుడనే అంటారు. పెళ్ళయ్యాక అత్తగారింట్లోనే ఉండిపోయాడు గనక పాలవాడికీ అల్లుడే, ఇస్త్రీ కొట్టాయనకీ అల్లుడే. పెరట్లో రేకుల షెడ్డు వేసి కోళ్ళు పెంచుతున్నాడు. పోయినసారి తెచ్చిన పిల్లల్లో సగానికి పైగా జబ్బు తగిలి పోయాయి. చచ్చినవాటిని గంపలో పోసుకెళ్ళి పాతిపెట్టాడు. ఆ సాయంత్రం భార్య, "ఇంకొక్కసారి చూద్దాం. ఈసారీ పోతే షెడ్డు విప్పేద్దాం" అంది. అంతకంటే తిట్టినా బాగుండేది.

ఆ ఇంకొక్కసారి ఇవాళే. నాలుగు పెట్టెల్లో నిన్ననే గుడ్లలోంచి బయటపడ్డ పిల్లల్ని వేసుకుని భార్య హేచరీ నుంచి వ్యానులో వస్తోంది. తల్లి రెక్కల కింద ఉండాల్సిన వయసు వాటిది. వచ్చేసరికి షెడ్డు వెచ్చగా ఉండాలి. చలేస్తే ఒకదాని మీదొకటి ఎక్కేస్తాయి, అడుగునున్నవి ఊపిరాడక పోతాయి. బల్బులు వెలిగిద్దామంటే నిన్నటి ఈదురుగాలికి కరెంటు తీగలు తెగాయి. ఇలాంటి రోజు కోసమే ఈ కిరోసిన్ హీటరు కొన్నాడు. పాతదే. కానీ అమ్మినవాడి ముందు ఒక్క పుల్లకే భగ్గున వెలిగింది, ఆ సంగతి తన రెండు కళ్ళతో చూశాడు.

ఫోను మోగింది. భార్య.

"షెడ్డు వేడెక్కిందా?"

"ఆ, ఎక్కుతోంది."

"గొంతేంటి అలా ఉంది?"

"పొగ. వెలిగించేటప్పుడు కాస్త పొగొస్తుందిగా."

వేడెక్కింది తన తల ఒక్కటే. ఫోను జేబులో పెట్టి ప్రహరీ మీదుగా పక్కింటాయన్ని కేకేశాడు. ఆయనకి సైకిళ్ళ కొట్టుంది. ఏ మాటన్నా చివర 'అంతేగా' తగిలిస్తాడు గనక పేరు కూడా అదే ఖాయమైపోయింది.

అంతేగా వచ్చి హీటరు చుట్టూ ఒకసారి తిరిగాడు.

"కిరోసిన్ కల్తీ అయ్యుంటుంది బావా. అంతేగా."

అల్లుడు గుడ్డపీలిక తెచ్చి డబ్బాలో ముంచి, వాకిట్లో పెట్టి అంటించాడు. గుడ్డ ఎగిసెగిసి మండింది.

"కిరోసిన్ బంగారంలా ఉంది" అన్నాడు అంతేగా, అసలా మాట తనదే అన్నట్టు. "అయితే వత్తి గట్టిపడింది. అంతేగా."

హీటరుతో పాటు ఇచ్చిన కొత్త వత్తి అట్టపెట్టెలో భద్రంగా ఉంది. ఇద్దరూ మరలు విప్పి పాతది లాగేసి కొత్తది ఎక్కించారు. కిరోసిన్ పీల్చుకోవాలని కాసేపు ఆగారు. ఆ కాసేపట్లో అల్లుడు గేటు దాకా నాలుగుసార్లు వెళ్ళొచ్చాడు. అగ్గిపుల్ల పెడితే వత్తి అంటుకుంది. చిటపట. మసి. పొగ.

"ఇదేం మాయ?" అన్నాడు అల్లుడు. "కిరోసిన్ మంచిదే. వత్తి కొత్తదే. అగ్గిపుల్ల వెలుగుతోంది. మూడూ విడివిడిగా బుద్ధిమంతులే. కలిపితే దేనికొచ్చింది పోయేకాలం?"

"ట్యాంకు నిండా పోశావా?"

"పోశాను."

"తీసేసి సగం పోద్దామా?"

"సగం పోస్తే ఏమవుతుంది?"

"ఏమవుతుందో చూద్దామని. అంతేగా."

సగం పోస్తే ఏమీ కాలేదు. పైగా ఈసారి వత్తి బొత్తిగా అంటుకోనే లేదు. హీటరుని కుదిపి చూశారు, నేల ఎగుడుదిగుడుగా ఉందేమోనని కింద అట్టముక్క పెట్టారు, షెడ్డు పరదాలు దించి గాలి ఆపారు, మళ్ళీ ఎత్తారు. అంతేగా దాని వీపున ఓ చరుపు చరిచాడు. అది దొంగసాక్షిలా బిగుసుకుని కూర్చుంది. అల్లుడికి కాసేపు తాను కొన్న హీటరు ఇదేనా అని కూడా అనుమానమొచ్చింది. దాని కాలుమీద ఉన్న సొట్ట అదే. కొన్నది ఇదే.

అప్పుడు వచ్చింది అత్తగారు, షెడ్డు గుమ్మం దాకా. లోపలికి రాదు. షెడ్డు మట్టి ఇంటికంటకూడదని ఆవిడ పట్టింపు. ఆ ఇంట్లో సబ్బుని కూడా కడిగి గాని వాడదు. అల్లుడైనా సరే పెరటి గుమ్మం దగ్గర మోకాళ్ళ దాకా కడుక్కుంటేనే ప్రవేశం. వంటింట్లోకి ఒక్క ఈక ఎగిరొచ్చినా ఆ పూట ఎవరికీ అన్నం రుచించనివ్వదు.

"ఇంకా వెలగలేదా బాబూ?"

"లేదత్తయ్యా. ఎందుకో తెలీటంలేదు."

"ఏదీ, మళ్ళీ ఓసారి పెట్టు."

ఈసారి వత్తి పైఅంచుకి కాస్త కిరోసిన్ రాసి అంటించాడు. మంట వచ్చింది, చిటపటమంది, పోయింది. అత్తగారు తల పక్కకి వాల్చి వింది.

"ఇది తడి గరిటె నూనెలో పెట్టిన చప్పుడు" అంది. "లోపల నీళ్ళున్నాయి."

అంతేగా నవ్వాడు. "నీళ్ళెక్కడివి పిన్నీ? గుడ్డ మండింది చూశాంగా."

"గుడ్డ డబ్బాలో ముంచారు. ఇందులో కాదుగా."

అల్లుడు హీటరునెత్తి ట్యాంకులో ఉన్నదంతా గాజుసీసాలోకి వంచాడు. సీసాని వెలుగుకి పెట్టి చూస్తే పైన కిరోసిన్ తేటగా తేలింది. అడుగున పాలలా తెల్లగా ఇంకేదో పేరుకుంది. వత్తి మునిగేదల్లా ఆ అడుగులోనే.

"పాలా?" అన్నాడు అంతేగా. నిజంగానే అడిగాడు.

అల్లుడు వాసన చూశాడు. కిరోసిన్ ఘాటులోంచి ఇంకో ఘాటు. ఎక్కడో ఎరిగిన వాసన. ఎక్కడో ఏమిటి, ఆస్పత్రిలో, బస్టాండులో, తన షెడ్డులో, తన వేళ్ళ సందుల్లో.

"ఫినాయిలు" అన్నాడు. "హీటర్లోకి ఫినాయిలు నీళ్ళు ఎవరు పోస్తారు?"

"పోయడమేంటి బాబూ" అంది అత్తగారు, చిన్నబుచ్చుకుని. "కడిగాను. మూత తీసి, పోసి, బాగా ఆడించి వంచేశాను. రెండు వాయిలు. నువ్వేగా చెప్పావు, షెడ్డులో అడుగుపెట్టే ప్రతిదీ ఫినాయిలుతో కడగాలని. ఈగ వాలిన చోటు కూడా వదలొద్దన్నావుగా."

చెప్పాడు. పోయినసారి జబ్బు పాత మురికి వల్లే వచ్చిందని పశువుల డాక్టరు అన్నప్పటినుంచీ రోజూ చెప్పాడు. నీళ్ళ గిన్నెలు, మేత తొట్లు, పరదాలు అన్నీ ఆవిడ చేతే కడిగించాడు. కడగకూడని వస్తువొకటి ఉంటుందని మాత్రం ఒక్కరోజూ చెప్పలేదు. తనకీ తట్టలేదు.

ట్యాంకు పొడిగుడ్డతో తుడిచారు. రెండు వత్తులనీ పిండి పెరటి తీగమీద ఆరేశారు. చలిగాలికి అవి ఊగుతున్నాయే గాని ఆరేలా లేవు.

వీధిలో వ్యాను హారను వినిపించింది.

అల్లుడికి పోయినసారి గంప కళ్ళముందు మెదిలింది. భార్య మొదటి పెట్టె ఎత్తుకుని పెరట్లోకి వస్తూనే తీగమీది వత్తుల్నీ, మొగుడి మొహాన్నీ చూసి ఆగిపోయింది. పెట్టెలోంచి కిచకిచలు.

"వెలగలేదా?"

ఆ కిచకిచల్ని విన్నది మళ్ళీ అత్తగారే. నిమిషంలో పైట బిగించింది.

"ఇలా తే" అంది. "నా పొయ్యిలో నిప్పుందిగా."

"వంటింట్లోకా?" అన్నాడు అల్లుడు.

"మరి నీ నెత్తిమీద పెడతానా? ఊక బస్తా పట్రా."

అద్దంలా మెరిసే వంటింటి నేలమీద అల్లుడు ఊక పరిచాడు, కాళ్ళు కడుక్కోకుండానే. ఎవరూ ఆపలేదు. కట్టెలు ఎగదోసి, పొయ్యి చుట్టూ పీటలు అడ్డంపెట్టి, నాలుగు పెట్టెలూ ఖాళీ చేశారు. పసుప్పచ్చని ముద్దలా బిగుసుకున్న పిల్లలు కొంచెం కొంచెంగా విడిపోయి, వెచ్చదనం ఉన్న చోటల్లా సర్దుకున్నాయి. భార్య ఒక్కొక్కటిగా ముట్టుకుని చూసి, గోడకి ఆనుకుని కూర్చుంది.

పొద్దువాలే వేళకి ఒక వత్తి ఆరింది. హీటర్లో బిగించి అంతేగా వెలిగిస్తే ఒక్క పుల్లకే అందుకుంది. "చెప్పానా, వత్తే. అంతేగా" అంటూ ఇంటికి పోయాడు. అల్లుడు పెట్టెలు తీసుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చాడు.

"షెడ్డు వెచ్చబడిందత్తయ్యా. మార్చేద్దామా?"

"ఇప్పుడే కునుకుతున్నాయి. పొద్దున చూద్దాం" అంది అత్తగారు పీటమీద కదలకుండా. ఆ వెంటే అడిగింది, "మరి దాన్ని ఎప్పుడు కడగాలి?"

"దేన్ని? హీటర్నా? లోపల ఎప్పుడూ కడగకూడదత్తయ్యా."

"కడక్కుండా శుభ్రంగా ఎలా ఉంటుంది బాబూ?"

అల్లుడు పెట్టెలు కింద పెట్టాడు. ఒక కోడిపిల్ల ఊకలోంచి నడిచొచ్చి ఆవిడ పాదమెక్కి, కుదురుగా నిలబడి, రెట్ట వేసింది. అత్తగారి చెయ్యి నీళ్ళ చెంబు దాకా వెళ్ళి, అక్కడే ఆగింది.