దీపానికి దొరికిన దుమ్ము

రోజంతా కాంక్రీటు గోడ తొలిచిన యూస్టైన్ కాలర్‌కి తగిలించిన వడపోత కాగితం మీద రాతి దుమ్ము రవ్వంత కూడా లేదు, ఉన్నదల్లా గోధుమపిండి.

ఇంగున్ మైక్రోస్కోపు మీంచి తలెత్తింది. బెర్గెన్‌లో కట్టుబడి పనివాళ్లు పీల్చే గాలిని కొలవడం ఆమె ఉద్యోగం. ఈ కాగితాన్ని నమ్మితే యూస్టైన్ పనిచేసే నేలమాళిగలో ఇకముందు కూడా నీళ్లు చల్లకుండా పొడిగానే తొలుస్తారు. అతనికి ఇరవై ఆరేళ్లు. ఇప్పటికే రెండంతస్తులు ఎక్కితే రొప్పుతున్నాడు.

సోమవారం మధ్యాహ్నం ఆమె సైటుకి వెళ్లేసరికి ముసలి మేస్త్రీ ఐలిఫ్ ఎదురొచ్చాడు.

"ఏమ్మాయ్, వాఫిల్ అట్ల కోసమా? అవి పోసేది శుక్రవారమే. మూడు రోజులు ఆలస్యంగా వచ్చావ్."

"నేను కొలత తీసింది కూడా శుక్రవారమే. పిండి ఎవరు కలుపుతారు?"

"ఇంకెవరు, నేనే. వీళ్లకి అప్పజెబితే సిమెంటు కలిపినట్టు కలుపుతారు."

పక్కనే ఉన్న యూస్టైన్ నవ్వబోయి దగ్గాడు. ఆ దగ్గు ఓ పట్టాన ఆగలేదు.

ఇంగున్ ఇంకేమీ అడగకుండా ఇద్దర్నీ నేలమాళిగలోకి తీసుకెళ్లింది. తొలిచే మిషను ఆపి అరగంటయింది. గాలి కడిగినట్టుంది.

"చూశావా? దుమ్ము ఎప్పుడో అణిగిపోయింది," అన్నాడు ఐలిఫ్.

ఆమె లైట్లన్నీ ఆర్పేసింది. సంచీలోంచి పెద్ద దీపం తీసి, యూస్టైన్ వెనక నిలబెట్టి వెలిగించింది.

ఖాళీ అనుకున్న గాలి నిండా మెరుపులు! చుక్కల ఆకాశం మొత్తం ఆ గదిలోకి దిగి, మెల్లగా తిరుగుతున్నట్టుంది. నేల నుంచి కప్పు దాకా సూదిమొన మోపే చోటు లేదు. ఇంగున్ ఎన్నిసార్లు చూసినా ఒళ్లు జలదరిస్తూనే ఉంటుంది.

"అబ్బ, ఎంత బావుందో!" అన్నాడు యూస్టైన్ గుసగుసగా.

అతను ఊపిరి పీల్చాడు. మెరుపులు బారుగా కదిలి అతని నోట్లోకి వెళ్లాయి. ఊపిరి వదిలాడు. వెళ్లినవన్నీ తిరిగి రాలేదు. మళ్లీ పీల్చాడు.

ఐలిఫ్ తన గుండెల మీద చెయ్యి వేసుకున్నాడు. చాలాసేపు ఆ వెలుగునీ, ఆ కుర్రాడి నోటినీ మార్చి మార్చి చూశాడు.

"ఆర్పెయ్యమ్మా," అన్నాడు చివరికి. "నేనే చేశాను. అరువు సామాను పాడైపోతుందిరా, ఇటివ్వు అని శుక్రవారం పొద్దున్నే వీడి చేత ఆ కాగితం విప్పించా. వాఫిల్ పొయ్యి పక్కన మేకుకి తగిలించి, సాయంత్రం మళ్లీ వీడి కాలర్‌కి పెట్టా. నీళ్లు చల్లుతూ తొలిస్తే పని సాగదని నా బాధ. మా నాన్న పొడిగానే తొలిచాడు, నేనూ అంతే. కంటికి కనబడకపోతే లేదనుకున్నా. తప్పు నాది. ముందు వీణ్ణి పైకి తీసుకుపో."