పాడె దించిన చోటు

దారి గుర్తుకు కట్టగా మేకలు సగం నమిలి వదిలిన పచ్చ రిబ్బన్‌ను తోమాసు మోదుగ కొమ్మకు మళ్లీ ముడి వేస్తున్నాడు. సున్నానికి పగిలిన వేళ్లు. ముడి బిగిస్తే మంట పుడుతోంది. కాలేజీ గ్రౌండుకు నీళ్లు చల్లడం, ఆటలకు గీతలు గియ్యడం అతని పని. ఆటలు మొదలయ్యాక బకెట్టు పట్టుకుని ఎక్కడ నిలబడ్డాడో ఎవరూ చూడరు.

ఈ రెండు రోజులు గ్రౌండు లేదు, గుట్ట. మంచిర్యాల అవతలి ఈ గుట్ట మీద కాలేజీల సైకిల్ పోటీలు. తోమాసును పెద్ద దిగుడు పైన నిలబెట్టారు. అక్కడ దారి రాళ్ల మీంచి ఒక్కసారిగా జారి, ఊరి బాటను అడ్డంగా దాటుతుంది. పైనుంచి వచ్చేవాడికి కింద ఏముందో కనబడదు.

నిన్న మేకలు అడ్డం వచ్చాయని అతను ఎర్రజెండా ఎత్తాడు. ఇంకోసారి ఇట్లా ఆగితే పోటీ రద్దేనని రెఫరీలు తేల్చేశారు. అందుకే ఆటల సారు సాయిచంద్ పొద్దున్నే బైకు మీద వచ్చి, దిగకుండానే చెప్పాడు.

"ఇయ్యాల మన రిత్విక్ గెలుస్తడు తోమాసూ. కాలేజీ పెట్టినకాడికెల్లి ఒక్క కప్పు రాలే. నా ఫోన్ రాక ముందు జెండా లేపితివా, రేపటి సంది నువ్వు రాకు."

"మల్ల మేకలొస్తె సార్?"

"మేకలకు నువ్వే చెప్పుకో. బాట మీదికి ఎవ్వరు రామని ఊరోళ్లు ఒప్పుకున్నరు. కప్పు గెలిస్తె కొట్టనీకె పిలిచిన డప్పులోళ్లే ఇంక రాలే, పరేషాన్ చేస్తుండ్రు. ఫోన్ ఎత్తరు."

బైకు వెళ్లిపోయింది. తోమాసు జెండాను చంకలో బిగించి పట్టుకున్నాడు. కూతురు మహిమ నర్సింగు చదువు ఈ కొలువు మీదే నడుస్తోంది.

ఇక్కడ ముళ్లు కొట్టిన వారమంతా, బాట పక్క చేనులోంచి, ఆ చేను రైతు కొమురెల్లి వాళ్ల ముసలితల్లి చల్ల తెచ్చి పోసేది. "గంత పైకెల్లి సైకిలేసుకోని దుంకుతరా కొడుకా? ఇండ్లల్ల పని లేదా వాళ్లకు?" అని బోసినోటితో నవ్వేది. నిన్న ఆమె కనబడలేదు.

పోటీ మొదలైంది. రెండు చుట్లు సాఫీగా గడిచాయి. రెండుసార్లూ రిత్వికే ముందు. ఇక ఒక్క చుట్టు.

అప్పుడు ఊరివైపునుంచి డప్పు వినబడింది. వచ్చారన్నమాట అనుకున్నాడు తోమాసు. మరి నాలుగు దెబ్బలు పడ్డాక బాటకేసి తిరిగాడు. అది కప్పులకు కొట్టే దరువు కాదు.

మలుపులో పాడె కనబడింది. ముందు నిప్పుకుండతో కొమురెల్లి. ఎవరు పోయారో అడగనక్కరలేదు.

వల్లకాటికి పోయే ఏ పాడెనైనా ఆ ఊరివాళ్లు దారిలో ఒకచోట దించుతారు. ఎక్కడైనా ప్రాణం మిగిలి ఉంటే పలుకుతుందని చెవిలో మూడుసార్లు పిలుస్తారు. వాళ్ల దింపుడుగల్లం సరిగ్గా దిగుడు కిందే. బండ్లూ గొడ్లూ రావని మాట ఇచ్చిన రోజు ఈ సంగతి ఎవరికీ తోచలేదు.

పైన రాళ్ల మీద గొలుసుల చప్పుడు. సారుకు ఫోను నొక్కాడు. సిగ్నల్ లేదు.

"కొమురెల్లన్నా! జర అవతల..."

కొమురెల్లి తలెత్తి చూశాడు. మోసేవాళ్లు వంగి పాడెను నేలకు ఆనించారు.

తోమాసు దారి నడుమకు వచ్చి నిలబడి జెండా ఎత్తాడు.

"కాకా! జరుగు, జరుగు!"

రిత్విక్ బ్రేకులు పట్టాడు. సైకిలు అడ్డం తిరిగి, మట్టిని చీల్చుకుంటూ వచ్చి తోమాసు మోకాలికి తగిలి ఆగింది.

"గెలిచేటోన్ని ఆపుతవా? పానం పోయేటట్టున్నది!"

వెనక వచ్చినవాడు నవ్వాడు. "ఏందన్నా, మల్ల మేకలేనా?"

"కాదు బిడ్డా. కింద ఒక తల్లిని దించిండ్రు."

వచ్చినవాళ్లు వచ్చినట్టే ఆగిపోతున్నారు. డప్పు ఆగింది.

"అవ్వా..."

కింద కొమురెల్లి గొంతు. రిత్విక్ హెల్మెట్ తీశాడు.

"అవ్వా..."

మూడో పిలుపు అయ్యాక తోమాసు తెలియకుండానే కిందికి చెవి ఒగ్గాడు. చేనులో పాలపిట్ట అరిచింది. డప్పు మళ్లీ మొదలైంది.

సాయిచంద్ వచ్చేసరికి పాడె చేను దాటింది. రెఫరీల మాట అప్పటికే వచ్చింది. పోటీ రద్దు.

"అవతల దించుమని చెప్పరాదా వాళ్లకు?"

"చెప్పబోయిన సార్. నోరు రాలే."

సారు చేయి చాపాడు. తోమాసు జెండా ఇచ్చాడు, మెడలో విజిల్ తీసి ఇచ్చాడు, ఒంటిమీది పసుపు కోటు విప్పి మడతపెట్టి ఇచ్చాడు. మోకాలు పట్టుకుని నెమ్మదిగా దిగుడు దిగి, డప్పు వినబడుతున్న వైపు నడిచాడు. మళ్లీ వెనక్కి తిరిగి చూడలేదు.

పిల్లలు ఒకరి వెనక ఒకరు కిందికి దిగారు. పాడె దించిన చోట పిడికెడు పేలాలు పడి ఉన్నాయి. చక్రాల జాడలు వాటిదాకా ఒకటిగా వచ్చి, అటొకటి ఇటొకటిగా చీలి, ఆవల మళ్లీ కలిశాయి.