మూడో పెట్టెలో రాణి

మూడో పెట్టెను పక్కదాంట్లో కలిపెయ్యమని హమీదుద్దీన్ చెప్పినప్పుడు నాకు ఒళ్ళు మండిపోయింది. ఇక్కడ గల్ఫ్‌లో, అల్ ఖోర్ ఊరు దాటాక ఉన్న ఒక తోటకి అతను సూపర్‌వైజరు. తేనెటీగల పెట్టెలు నావి, జాగా వాళ్ళది. అందుకని గొంతు తగ్గించుకోక తప్పలేదు.

"అరె మేడం, వరల్డ్ కప్ స్టేడియం రోడ్డు మన గేటు ముంగటికెళ్ళే పోతున్నది. ఇగ పెద్దపెద్దోళ్ళు వస్త పోత ఉంటరు. చచ్చిన డబ్బాలకు ఈడ జాగా మాఫీ, లేదంటే లేదు. శుక్రవారం దాకా ఉంచుకోండి," అన్నాడు.

చావలేదు! పోయిన ఎండాకాలం నా పెట్టెలన్నీ మాడి మసైపోతే బతికి బట్టకట్టింది అదొక్కటే. మిగతావి ఆ తర్వాత ఈజిప్టు నుంచి తెప్పించినవి. ఈ ఎండకు తట్టుకున్న వంశం నా దగ్గర ఇదొక్కటే. గుడ్లు పెట్టే రాణి పెట్టెకి ఒక్కటే. కలిపేస్తే అవతలి రాణే మిగులుతుంది, ఈ వంశం అక్కడితో సరి.

అయితే హమీదుద్దీన్ ఊరికే అనలేదు. చలికాలం పోయి తోటంతా పూతకొచ్చినా మూడో పెట్టెలో గుడ్లు లేవు. రాణి వీపు మీద నేను గోళ్ళరంగుతో పెట్టిన ఎర్ర చుక్క ఎక్కడా కనబడలేదు. రాణి పోయిందనుకుని, పెట్టెనైనా నిలబెడదామని కొత్తదాన్ని కొని తెచ్చి వదిలాను. మర్నాటికి ఈగలు దాన్ని చంపి పెట్టె గుమ్మం బయట పడేశాయి.

తోటలో పనిచేసే లింబాద్రిది జగిత్యాల దగ్గర పల్లె. నాతో పాటు కుట్టించుకుంటూనే ఈగల పని నేర్చుకున్నాడు.

"ఇంకో రాణిని తెద్దామా, తెరెసక్కా?" అన్నాడు.

"తెస్తే దాన్నీ చంపుతాయి. రాణి లేని ఈగలు వచ్చిన రాణిని ఎందుకు చంపుతాయి, చెప్పు?"

లింబాద్రి బుర్ర గోక్కున్నాడు. "అంటే లోపట ఇంకో రాణి ఉన్నదంటవా? మస్తు దేవులాడినం గదక్కా. ఎర్ర సుక్క కానస్తలేదు."

"ఉందో లేదో వాటినే అడుగుదాం."

సోమవారం రెండో పెట్టెలోంచి గుడ్లున్న తేనెపట్టు ఫ్రేమ్ ఒకటి తీసి, ఈగల్ని దులిపేసి, మూడో పెట్టె నడుమ పెట్టాం. రాణి లేకపోతే ఈగలు ఊరుకోవు. ఆ గుడ్లలో కొన్నిటి మీద వేరుశనక్కాయలాంటి గూళ్ళు కట్టి కొత్త రాణిని పెంచుకుంటాయి. కడితే నా వంశం పోయినట్టే. కట్టకపోతే లోపల రాణి ఉన్నట్టు.

గురువారం దాకా ఇంట్లో అందరి మీదా విసుక్కున్నాను. పెట్టె తెరవాలని చేతులు దురద పెట్టాయి కానీ తెరవలేదు. ప్రార్థనలో కూడా ఈగలే గుర్తొచ్చాయి. దేవుడు ఏమనుకున్నాడో.

గురువారం ఆఫీసు నుంచి నేరుగా తోటకి వెళ్ళాను. హమీదుద్దీన్ మొహానికి రుమాలు చుట్టుకుని దూరంగా నిలబడ్డాడు. ఈగలు శాంతించడానికి లింబాద్రి పెట్టెలోకి పొగ కొట్టాడు. ఫ్రేమ్ పైకి తీశాను. అటు తిప్పాను, ఇటు తిప్పాను. ఒక్క రాణిగూడూ లేదు! అంటే లోపల రాణి ఉంది!

పక్క ఫ్రేమ్ తీసిన లింబాద్రి కేకేశాడు. "అక్కా, గుడ్లు! గదికొక్కటి పెట్టింది. గని సుక్కేది?"

"చుక్క సంగతి వదిలెయ్. పొడుగ్గా ఉన్నదాన్ని చూడు."

ఈగల మధ్యలోంచి మెల్లగా నడుచుకుంటూ వచ్చింది. గోధుమరంగు, నిండు పొట్ట, వీపు మీద రంగూ లేదు, గింగూ లేదు. చలికాలం చివర్లో ముసలి రాణి పోతే ఈగలు దాని కూతుర్నే రాణిని చేసుకున్నాయి. దుమ్ముగాలులు తగ్గాక బయటికెగిరి జతకట్టి, గుడ్లు మొదలుపెట్టేసరికి ఇన్నాళ్ళు పట్టింది. మేం మాత్రం ఎర్ర రంగు కోసం వెతుకుతూ ఎన్నిసార్లు దాన్ని దాటేశామో!

హమీదుద్దీన్ రుమాలు కిందికి లాగి దగ్గరికొచ్చాడు. "అయితే ఉండనీయండి, మేడం," అని, పెట్టె కింద ఒరిగిన ఇటుకను తనే సరిచేశాడు.

లింబాద్రి అప్పుడే నా సంచిలోంచి గోళ్ళరంగు సీసా తీశాడు. "సుక్క పెడుదామా అక్కా?"

"వద్దు. ముందు నువ్వూ నేనూ దాని మొహం గుర్తుపట్టడం నేర్చుకుందాం," అన్నాను. "ఎండాకాలం ముందుంది. ఈ పెట్టెకి రేపే నీడ కట్టాలి."