పతకం కింది జేబు

పురపాలక కార్యాలయం నుంచి ఫోను వచ్చినప్పుడు నేను ముల్లంగి తరుగుతున్నాను. మా ఆయన "అలాగేనండి, అలాగేనండి" అంటూ ఎదురుగా ఉన్న గోడకే నడుం వంచి దండాలు పెడుతున్నారు. మెడ వెనక ఎర్రబడ్డ తీరు చూస్తేనే మంచి కబురని తెలిసిపోయింది. కత్తి పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, నవ్వడానికి సిద్ధంగా నిలబడ్డాను.

ఆయన నన్ను దాటుకుని లోపలి గదిలోకి వెళ్లారు. ఫుసాయో గారి ఫొటో ముందు కూర్చుని, గంట మోగించి, అగరొత్తి వెలిగించారు.

"ఫుసాయో, నాకు పతకం ఇస్తారట. చక్రవర్తి గారి పేరు మీద. పవిత్ర నిధి పతకం, వెండి కిరణాలది. ఇన్నేళ్లు అగ్నిమాపక దళంలో నీళ్లగొట్టం పట్టుకున్నందుకు."

తలుపు దగ్గర నిలబడి విన్నాను. ఫుసాయో గారు ఆయన మొదటి భార్య. పోయి ఆరేళ్లయింది. నన్ను ఈ జూన్‌లోనే పెళ్లి చేసుకున్నారు. కాలేజీ లైబ్రరీలో పనిచేసి రిటైరయ్యాక, అరవై రెండో ఏట తొలిసారి పెళ్లికూతుర్నయ్యాను. ఒకే గ్లాసులో రెండు టూత్‌బ్రష్‌లు ఒకదానికొకటి ఆనుకుని కనబడితే చాలు, పొద్దుటే నాకు పండగ. మిసో చారు గిన్నె మూత వేడికి బిగుసుకుపోతే ఆయన ఊడదీసి ఇస్తారు. ఆ ముచ్చట కోసం మూత వచ్చినా రానట్టు నటిస్తాను. అంత సంతోషంగా ఉన్న నాకు, ఫొటోలో నవ్వుతున్న మనిషిని చూసి ఒళ్లు మండిపోయింది.

"నాకు చెప్పరా?" అన్నాను.

"పేపర్లో పేర్లు వచ్చేదాకా ఎవరికీ చెప్పొద్దన్నారు."

"మరి ఆవిడకి చెప్పారుగా."

"ఆవిడ ఎవరికి చెబుతుంది?"

"నేను మాత్రం ఎవరికి చెబుతాను, ముల్లంగికా?"

ఆయన నవ్వేసి అప్పుడు చెప్పారు. టోక్యోలో పతకం ఇచ్చాక బస్సులో రాజప్రాసాదానికి తీసుకెళ్తారట. అక్కడ చక్రవర్తి దర్శనం. భార్యాభర్తలిద్దరూ రావచ్చట. ఇద్దరూ అన్న మాట చెవిన పడగానే నా కోపం సగం కరిగింది. ఆ సాయంత్రమే లేత ఊదారంగు కిమోనో తీసి భుజం మీద వేసుకుని అద్దం ముందు అటూ ఇటూ తిరిగాను.

నవంబరు మూడున పేపర్లో "హొరిగొమె తమోత్సు" అని ఆయన పేరు వచ్చింది. ఆ పొద్దున మా గడప తొక్కిన మొదటి మనిషి తొకియె గారు. ఫుసాయో గారి అక్క. శుభకార్యాలకి వండే ఎర్రచిక్కుళ్ల అన్నం పెట్టెలో పట్టుకొచ్చి, మా చేతికివ్వకుండా చెల్లెలి ఫొటో ముందు పెట్టి, ఆ తర్వాత నా వైపు తిరిగారు.

"కాపురానికొచ్చి ఏడాదైనా కాలేదు, అప్పుడే రాజభవనం. అదృష్టమంటే నీదేనమ్మా రిత్సుకో."

"టీ చల్లారిపోతోంది వదినా," అన్నారు మా ఆయన.

"చల్లారనీ మరిదీ. సైరన్ మోగినప్పుడల్లా నీ బూట్లు అందించింది మా ఫుసాయో. మంచులో నిలబడి మీ దళం మొత్తానికి పొగలు కక్కే అన్నం ముద్దలు కట్టింది. అరచేతులు బొబ్బలెక్కేవి దానికి. నువ్వెన్ని ముద్దలు కట్టావమ్మా?"

"ఒక్కటీ లేదు అక్కయ్యగారూ. అప్పట్లో నేను పుస్తకాలకి అట్టలేసుకుంటున్నాను."

"అట్టలా. చక్రవర్తి గారు అడిగితే అదే చెప్పు."

ఆవిడ వెళ్లాక ఆ అన్నం తిన్నాను. ఎంత బాగుందో. కోపంతోనే రెండోసారీ పెట్టుకున్నాను. ఆవిడ అన్నదాంట్లో అబద్ధం లేదు. అందుకే అంత మండింది.

సాయంత్రం పటాల కంపెనీ వాళ్ల పుస్తకం వచ్చింది. పతకం వచ్చాక ఏ చట్రంలో బిగించుకోవాలో చూసుకోమని. అందులో పతకం బొమ్మ అసలు కొలతలో ఉంది: నడుమ అద్దం, చుట్టూ ఎర్ర పూసల వరస, పైన లేత నీలం రిబ్బను. కత్తిరించి, ఆయనకి నల్లకోటు తొడిగి, ఎడమవైపు గుండె మీద పెట్టి చూశాను. ఆయన బడిపిల్లాడిలా ఊపిరి బిగపట్టి నిలబడ్డారు. ఎంత ముద్దొచ్చారో.

అప్పుడు నెమ్మదిగా అన్నారు, "సరిగ్గా దీని కింద, లోపలొక జేబుంది. ఫుసాయో ఫొటో చిన్నదొకటి అందులో పెట్టుకుందామని. నీకు ఇబ్బంది లేకపోతేనే."

బొమ్మ నా చేతిలోనే ఉండిపోయింది. పైన పతకం, దాని కింద ఆవిడ, ఆవిడ కింద ఆయన గుండె.

"మరి నేనెక్కడ?"

"నా పక్కన. బస్సులో పక్క సీటు నీదే."

"పక్క సీటు ఎవరికైనా ఇస్తారు. ఫొటో ప్యాంటు వెనక జేబులో పెట్టుకోండి."

"ఆవిడ మీద కూర్చోమంటావా?"

నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. "అయితే ఆవిణ్ణే తీసుకెళ్లండి. నేను రాను."

ఆయన కోటు విప్పి కుర్చీకి తగిలించారు. "నువ్వు రాకపోతే నేనూ వెళ్లను. పతకం పోస్టులో పంపమంటాను."

అన్నంత పనీ చేసే మనిషి. జీవితంలో ఒక్కసారి వచ్చే రోజు నా మూలంగా పోస్టు డబ్బాలోకి వెళ్లబోతోంది. వెళ్లి ఆయనకెదురుగా కూర్చున్నాను.

ఆయనే అన్నారు, "నీ చోట ఫుసాయో ఉన్నా ఇదే గొడవ. పక్కింటావిడకి నేనొక ముద్ద ఎక్కువిచ్చానని వారం రోజులు మాట్లాడలేదు."

"నిజంగా?"

"వట్టి కుళ్లుబోతు."

ఆ మాట వినగానే నా ప్రాణం ఎంత తేలికపడిందో చెప్పలేను. ఇన్నాళ్లూ ఆవిడంటే బొబ్బలెక్కిన చేతులూ, అగరొత్తి పొగలో చిరునవ్వూ. ఇప్పుడు మూతి ముడుచుకుని కూర్చున్న ఆడమనిషి కనబడింది.

"ఫొటో నాకివ్వండి. నా కిమోనో నడికట్టులో దోపుకుంటాను."

"నీకెందుకు ఆ శ్రమ?"

"మీ గుండె మీద ఉండదుగా. నాక్కావలసింది అదే. పైగా మీ జేబులో ఉంటే ఆవిడకి పతకం వెనకవైపే కనబడుతుంది. నా దగ్గరుంటే ఎదురుగా చూస్తుంది."

ఆయన చాలాసేపు నవ్వి, కళ్లు తుడుచుకుని, మళ్లీ దిగాలుపడ్డారు. ఇంట్లో ఉన్నది పెద్ద ఫొటో ఒక్కటే. చిన్నది తొకియె గారి దగ్గరుంది. ఆవిడ దాన్ని ఎప్పుడూ తన చేతిసంచిలోనే పెట్టుకుంటారు.

"నేను ఫోన్ చేసి అడుగుతాలే," అన్నారు.

"వద్దు. నా ఒంటిమీద పెట్టుకునేదాన్ని నేనే అడగాలి. రేపు పొద్దున్నే వాళ్లింటికి వెళ్దాం. నేను లోపలికెళ్లి అడుగుతాను. మీరు మాత్రం కారు దిగకండి."