మట్టిముద్దల సాక్ష్యం

నేను ఒక రైలుపట్టాను. పదమూడు మీటర్ల పొడవు, మీటరుకు అరవై కిలోల బరువు. ఎర్రగా కాలే ఉక్కును రోలర్ల మధ్య నలిపి నాకీ ఆకారం ఇచ్చారు. తరువాత తెచ్చి పల్నాటి నల్లరేగడిలో ఒక గట్టు మీద పడుకోబెట్టారు. ఇరవై ఆరేళ్లు అక్కడే పనిచేశాను.

మనుషులు నన్ను కదలని వస్తువనుకుంటారు. బండి రాగానే పక్కకు తప్పుకుంటారు కాబట్టి వాళ్లకు అసలు సంగతి తెలియదు. చక్రం తొక్కితే నేను వంగుతాను, అది దాటగానే లేస్తాను, బండంతా పోయేదాకా వణుకుతూనే ఉంటాను. నేను నా కింద అడ్డంగా పరిచిన స్లీపరు దిమ్మెను నొక్కితే స్లీపరు కంకరను, కంకర నేలను నొక్కుతాయి. కింది నేల గట్టిగా ఉన్నంతకాలం ఆ వణుకు ఆరోగ్యమే.

రెండేళ్ల వానలకు నా నడుం కింద నేల మెత్తబడింది. కంకర బురదలోకి దిగి, ఒక స్లీపరు కింద వేలెడు ఖాళీ ఏర్పడింది. బండి లేనప్పుడు అది ఎవరికీ కనబడదు. ఎందుకంటే ఆ స్లీపరును క్లిప్పులతో పట్టుకుని గాలిలో వేలాడదీసింది నేనే. తప్పును దాచాలని నాకు లేదు. ఏం చేయను, నోరా లేదు.

కనిపెట్టింది సువార్తమ్మ. ఆవిడది కీమ్యాన్ ఉద్యోగం. రోజూ ఆరేడు కిలోమీటర్లు నడిచి వదులైన క్లిప్పులను సుత్తితో బిగించాలి. బండి వస్తే గట్టు దిగి నిలబడి, నేల అదురును అరికాళ్లతో వింటుంది. వచ్చే సోమవారం నుంచి గంటకు నూట ముప్పై కిలోమీటర్ల వేగంతో కొత్త బండి నడపబోతున్నారని తెలిసిన రోజే వెళ్లి ఇంజనీరు పురుషోత్తంగారికి చెప్పింది.

ఆయన ట్రాలీ మీద వచ్చారు. నలుగురు తోసే ట్రాలీకి నేనెందుకు వణుకుతాను? బుద్ధిమంతుడిలా కూర్చున్నాను. ఆయన స్లీపరు మీద రెండు కాళ్లతో ఎగిరి చూశారు. అది ఉలకలేదు, పలకలేదు.

"ఏమీ లేదు కదమ్మా! నాలుగు వేల టన్నుల గూడ్సును రోజూ మోస్తున్న పట్టా ఆ తేలికపాటి బండిని మోయదా?"

"బరువుతో కాదు సారూ, ఉరుకుడుతో వచ్చింది చిక్కు. నిదానంగా తొక్కితే అణుగుద్ది. ఉరికొచ్చి తొక్కితే ఎగిరెగిరి పడుద్ది."

"పైవాళ్లు అడిగితే నీ అరికాళ్లకు తెలిసిందని రాయమంటావా?"

ఆయన వెళ్లాక మేస్త్రీ మీరావలి నవ్వాడు. "కందకి లేని దురద కత్తిపీటకెందుకక్కా?"

ఆవిడ నవ్వలేదు. ఆ బండిలో వెయ్యిమంది ఉంటారన్నదే ఆవిడ దిగులు.

మర్నాడు కాలవ గట్టు నుంచి బంకమట్టి తెచ్చింది. అగ్గిపెట్టెతో కొలిచి ఒకే ఎత్తున రెండు ముద్దలు చేసింది. నా అడుగుకు తగిలేలా రాయి మీద ఒకటి పెట్టి, గూడ్సు పోయాక తీసింది. అదే చోట రెండోది పెట్టి, ఎక్స్‌ప్రెస్ పోయాక తీసింది. రెండింటినీ టిఫిను మూతలో పెట్టుకుని ఆఫీసుకు వెళ్లి బల్ల మీద ఉంచింది. గూడ్సు ముద్ద సగం అణిగింది. ఎక్స్‌ప్రెస్ ముద్ద అప్పచ్చి అయిపోయింది.

పురుషోత్తంగారు రెండు ముద్దల ఎత్తునూ వేలితో కొలిచి చూశారు. వెంటనే ఆవిడతో వచ్చి, మధ్యాహ్నపు ఎక్స్‌ప్రెస్ దాటుతుంటే గట్టు కింద గొంతుకూర్చున్నారు. ఆ రోజు నేను దాచలేకపోయాను. స్లీపరు దబదబా కొట్టుకుంది. బురదనీళ్లు ఎగిరి ఆయన చొక్కా మీద పడ్డాయి.

"తప్పు నాదేనమ్మా," అన్నారు తుడుచుకోకుండా. "ఆగి ఉన్నప్పుడు చూసి, బండి పోయేటప్పటి సంగతి చెప్పాను."

ఆ గంటలోనే బండ్లన్నింటికీ వేగం తగ్గించారు. కంకర తవ్వి బురద తీశారు. అప్పుడు నా అడుగున వెంట్రుకంత పగులు బయటపడింది. ఇంజనీరు నా మీద సుద్దతో అడ్డగీత గీశారు.

సువార్తమ్మ ముఖం పాలిపోయింది. "బాగుచేస్తారనుకున్నా సారూ. తీసేస్తారనుకోలా."

నాకూ బాధ వేసింది. అబద్ధమెందుకు? ఇరవై ఆరేళ్ల చోటు అది. కానీ ఆ పగులుతో సోమవారం దాకా ఉండి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే, కోసి పక్కన పడేసినందుకు ఎవరి మీదా కోపం రాలేదు.

సోమవారం మధ్యాహ్నం పాత ఇనుము బండి కోసం ఎదురుచూస్తూ గట్టు కింద గడ్డిలో ఉన్నాను. సువార్తమ్మ వచ్చి నా మీద కూర్చుంది. బండ్లు నడిచే పట్టా మీద కూర్చోవడం తప్పు కాబట్టి ఇన్నేళ్లలో ఒక్కసారీ కూర్చోలేదు. గిన్నె తెరిచి గోంగూర అన్నం కలుపుతుండగానే కొత్త బండి కూత వినబడింది.

ఆవిడ చెప్పులు విడిచి అరికాళ్లు నేలకు ఆనించింది. కలిపిన చెయ్యి గిన్నెలోనే ఆగిపోయింది. బండి వచ్చింది. నా చోట వేసిన కొత్త పట్టా వంగింది, లేచింది, వణికింది. నేలలో మునుపటి దెబ్బ లేదు.

చివరి పెట్టె దాటిపోయాక సువార్తమ్మ అన్నం తినడం మొదలుపెట్టింది.